జీతం లేని సెలవులో పోయిన పింఛను సర్వీసును ఒమర్స్‌లో తిరిగి కొనుక్కోవడం: సమగ్ర మార్గదర్శి

కెనడాలోని ఒంటారియో ప్రావిన్స్‌లో మున్సిపాలిటీ ఉద్యోగులు, పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది, స్కూలు బోర్డుల్లోని బోధనేతర సిబ్బంది, చిల్డ్రన్స్ ఎయిడ్ సొసైటీల వాళ్లు, వీళ్లందరి పింఛనూ ఒమర్స్ అనే ఒకే నిధి నుంచి వస్తుంది. బ్రాంప్టన్, మిసిసాగా, టొరంటో చుట్టుపక్కల ఈ కొలువుల్లో ఉన్న తెలుగువాళ్లకు జీతం లేని సెలవు తప్పని సందర్భాలు కొన్ని వస్తుంటాయి. కాన్పు, పసిబిడ్డ పెంపకం ఒకటి. ఊళ్లో అమ్మకో, నాన్నకో, అత్తమామలకో ఒంట్లో బాగోక నెలల తరబడి అక్కడే ఉండాల్సి రావడం రెండోది.

సెలవులో ఉన్నన్నాళ్లు జీతం ఉండదు, జీతంలోంచి పింఛను కోత ఉండదు, కాబట్టి ఆ కాలానికి పింఛనూ ఉండదు. దాన్ని తర్వాత డబ్బు కట్టి కొనుక్కోవచ్చన్న సంగతి చాలామందికి తెలుసు. తెలియనివి రెండున్నాయి. ఒకటి, ఆ ధర మీరు పెట్టుకున్న సెలవు పేరును బట్టి సగమో, రెట్టింపో అవుతుంది. రెండు, గడువు దాటితే ఆ ధరల్లో ఏదీ మిగలదు. అందుకే ఈ పని విమానం ఎక్కే ముందే మొదలుపెట్టాలి.

ఏది పోతుంది, ఏది పోదు

ఒమర్స్ రెండు రకాల సర్వీసు లెక్కలు ఉంచుతుంది. మీరు డబ్బు కట్టిన కాలం క్రెడిటెడ్ సర్వీస్. పింఛను ఎంత వస్తుందన్నది దీని మీదే ఆధారపడుతుంది. రెండోది ఎలిజిబుల్ సర్వీస్. ముందుగా రిటైర్ అవ్వాలంటే అర్హత ఉందో లేదో చూసేటప్పుడు క్రెడిటెడ్ సర్వీసుతో కలిపి దీన్నీ లెక్కేస్తారు. సాధారణ రిటైర్మెంట్ వయసు 65 ఉన్నవారికి వయసు, సర్వీసు కలిపి 90 అయినా, 30 ఏళ్ల సర్వీసు నిండినా కోత లేని పింఛను వస్తుంది. సెలవు కాలాన్ని కొనకపోయినా అది ఎలిజిబుల్ సర్వీసుగా లెక్కలో ఉంటుంది. అంటే కొనకపోతే రిటైర్మెంట్ తేదీ వెనక్కి జరగదు, నెలనెలా వచ్చే మొత్తం మాత్రం తగ్గుతుంది. ఈ తేడా తెలియక కొందరు అనవసరంగా కంగారు పడతారు. ఇంకొందరు ఇదే మాట సగం విని 'ఎలాగూ లెక్కలో ఉంటుందట' అని కొనడం మానేస్తారు.

పింఛను సూత్రం ఇది: వరుసగా అత్యధికంగా ఉన్న 5 ఏళ్ల జీతం సగటులో 2 శాతం, దాన్ని క్రెడిటెడ్ సర్వీసు ఏళ్లతో గుణించాలి. 65 ఏళ్లు నిండాక కెనడా పింఛను ప్లాన్, అంటే సీపీపీ, అందుకుంటారన్న లెక్కతో ఒక భాగం ఆగిపోతుంది. ఆ భాగాన్ని బ్రిడ్జ్ అంటారు. వైఎంపీఈ అనే సీపీపీ వార్షిక జీత పరిమితి సగటులో 0.675 శాతం చొప్పున, సర్వీసు ఉన్న ప్రతి ఏడాదికీ అది తగ్గుతుంది. 2025లో వైఎంపీఈ 71,300 డాలర్లు.

ఇప్పుడు కొనే ఏడాదికి ఇవాళ్టి జీతం మీద డబ్బు కడతారు. కానీ ఆ ఏడాదికి పింఛను వచ్చేది మీ ఉద్యోగం చివర్లో ఉండే పెద్ద జీతం మీద. ముప్ఫైల్లో ఉన్నవాళ్లకు ఈ కొనుగోలు కలిసొచ్చేది ఇందువల్లనే.

ధర తేల్చేది సెలవు పేరే

చట్టబద్ధ సెలవు అయితే మీ వాటా మాత్రం మీరు కడితే చాలు, ఉద్యోగ సంస్థ తన వాటా తాను కట్టి తీరాలి. చట్టంలో లేకుండా సంస్థ అనుమతితో తీసుకున్న వ్యక్తిగత సెలవు అయితే మీ వాటా, సంస్థ వాటా రెండూ మీ జేబులోంచే పోతాయి. కొన్ని చోట్ల యూనియన్ ఒప్పందంలో సంస్థే కొంత భరిస్తుందని ఉంటుంది. అందుకే ఒప్పందం పుస్తకంలో సెలవుల అధ్యాయం ఒకసారి తిరగేయండి.

ఒంటారియో ఉపాధి ప్రమాణాల చట్టంలో మనవాళ్లకు ఎక్కువగా పనికొచ్చే సెలవులు ఇవి:

- గర్భధారణ సెలవు: 17 వారాల వరకు.
- తల్లిదండ్రుల సెలవు: గర్భధారణ సెలవు వాడుకున్న తల్లికి 61 వారాలు, మిగతావారికి 63 వారాల వరకు.
- కుటుంబ వైద్య సెలవు, అంటే ఫ్యామిలీ మెడికల్ లీవ్: 26 వారాల్లోపు ప్రాణం పోయే ప్రమాదం గట్టిగా ఉందని డాక్టరు రాసిస్తే, 52 వారాల కాలంలో 28 వారాల వరకు.
- క్రిటికల్ ఇల్‌నెస్ లీవ్: ప్రాణాపాయ స్థితిలో ఉన్న పెద్దవారి కోసం 17 వారాలు, పిల్లల కోసం 37 వారాల వరకు. ఆ సంస్థలో కనీసం 6 నెలల ఉద్యోగం ఉండాలి.
- ఫ్యామిలీ కేర్‌గివర్ లీవ్: తీవ్రమైన జబ్బు ఉంటే చాలు, ప్రాణాపాయం అక్కర్లేదు. ఒక్కో కుటుంబ సభ్యుడికి క్యాలెండర్ ఏడాదికి 8 వారాల వరకు.

తల్లిదండ్రులతో పాటు భార్య లేదా భర్త తల్లిదండ్రులకూ ఇవి వర్తిస్తాయి. ఇవి వేర్వేరు సెలవులు, ఒకటి వాడుకుంటే ఇంకోటి పోదు. పోలీసు అధికారులు మాత్రం ఈ జాబితాకు బదులు తమ సంఘం ఒప్పందం చూసుకోవాలి.

జబ్బుపడ్డవారు ఇండియాలో ఉంటే ఈ సెలవులు రావని చాలామంది తమంతట తామే అనుకుని వ్యక్తిగత సెలవు పెట్టేస్తారు. అది పొరపాటు. చికిత్స ఎక్కడ జరుగుతోందో అక్కడి చట్టం ప్రకారం అర్హత ఉన్న డాక్టరు సర్టిఫికెట్ చెల్లుతుంది. గుంటూరులోనో, హైదరాబాద్‌లోనో, వరంగల్‌లోనో వైద్యం చేస్తున్న రిజిస్టర్డ్ డాక్టరు రాసిచ్చినా సరిపోతుంది.

చిక్కంతా సర్టిఫికెట్‌లో ఏం రాశారన్న దగ్గర వస్తుంది. మన ఆసుపత్రుల్లో అడిగితే చేతికిచ్చేది డిశ్చార్జ్ సమ్మరీ. అందులో రోగ నిర్ధారణ, మందులు, స్కానింగ్ వివరాలు, మళ్లీ ఎప్పుడు రావాలో అన్నీ ఉంటాయి. కావలసిన ముక్క ఒక్కటే ఉండదు. క్రిటికల్ ఇల్‌నెస్ లీవ్‌కు సర్టిఫికెట్‌లో మూడు విషయాలు కనిపించాలి: రోగి ప్రాణాపాయ స్థితిలో ఉన్నారని, కుటుంబ సభ్యుల సంరక్షణ లేదా తోడు అవసరమని, అది ఎంత కాలం అవసరమని. ఫ్యామిలీ కేర్‌గివర్ లీవ్‌కు తీవ్రమైన వైద్య పరిస్థితి ఉందని రాస్తే చాలు. జబ్బు పేరు రాయాల్సిన పని లేదు. ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద, ఇంగ్లిష్‌లో, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం, ముద్రతో తీసుకోండి. 'కొంతకాలం విశ్రాంతి అవసరం' అన్న మాట ఎందుకూ పనికిరాదు. '12 వారాలు' అని అంకె ఉండాలి.

ఊరి నుంచి ఫోను రాగానే బయలుదేరే కంగారులో ఇవన్నీ కుదరవు, నిజమే. సర్టిఫికెట్ తర్వాత తెచ్చి ఇచ్చినా ఫరవాలేదు. కానీ హెచ్‌ఆర్‌కు పంపే తొలి ఈమెయిల్‌లోనే ఏ చట్టబద్ధ సెలవు కోరుతున్నారో పేరు పెట్టి రాయండి. 'వ్యక్తిగత కారణాల వల్ల సెలవు కావాలి' అని రాస్తే కంప్యూటర్లో అదే కోడు పడుతుంది. తిరిగొచ్చాక దాన్ని మార్పించడం పెద్ద తలనొప్పి.

ఎంత అవుతుందో మీరే లెక్కేసుకోండి

సెలవులో లేకపోయి ఉంటే మీకు వచ్చి ఉండే జీతం మీద, ఆ ఏడాది అమల్లో ఉన్న రేటుతో లెక్క వేస్తారు. పార్ట్‌టైమ్ వాళ్లకు వాళ్లు చేసి ఉండే గంటల మేరకు. 2025లో సాధారణ రిటైర్మెంట్ వయసు 65 ఉన్నవారి రేటు వైఎంపీఈ వరకు 9 శాతం, ఆపైన 14.6 శాతం. రిటైర్మెంట్ వయసు 60 ఉన్న పోలీసు, అగ్నిమాపక సిబ్బందికి ఇవే 9.2, 15.8 శాతం.

80,000 డాలర్ల జీతం, పూర్తి ఏడాది సెలవు అనుకుందాం.

71,300 మీద 9 శాతం: 6,417
మిగిలిన 8,700 మీద 14.6 శాతం: 1,270
మొత్తం: 7,687 డాలర్లు

చట్టబద్ధ సెలవైతే మీరు కట్టేది ఇంతే. వ్యక్తిగత సెలవైతే 15,374. అదే 17 వారాలకు చూస్తే సుమారు 2,513 లేదా 5,026. అంటే అమ్మ కోసం గుంటూరులో గడిపిన 17 వారాలకు సెలవు పేరు సరిగ్గా పెట్టడం వల్ల ఆదా అయ్యేది సుమారు 2,500 డాలర్లు.

దానికి వచ్చేదేమిటి? ఇవాళ్టి అంకెలతోనే చూస్తే, ఒక ఏడాది సర్వీసుకు 65 దాకా ఏటా 1,600 డాలర్లు, ఆ తర్వాత బ్రిడ్జ్ 481 పోగా ఏటా 1,119 డాలర్లు, జీవితాంతం. 65 తర్వాతి మొత్తాన్నే లెక్కలోకి తీసుకున్నా, మీ వాటా మాత్రమే కట్టినవారికి 7 ఏళ్ల లోపు పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. రెండు వాటాలూ కట్టినవారికి 14 ఏళ్ల లోపు. పన్ను మినహాయింపు కలిపితే ఇంకా ముందే. 80,000 జీతం మీద 2025లో ఒంటారియోలో చివరి డాలరు పై పన్ను 29.65 శాతం కాబట్టి 7,687 కట్టినా నికరంగా జేబులోంచి పోయేది సుమారు 5,400. రేపు వచ్చే పింఛను మీద పన్ను ఉంటుందన్నది మరిచిపోకూడదు, కాకపోతే రిటైరయ్యాక సాధారణంగా శ్లాబు తక్కువే ఉంటుంది. మీ తదనంతరం జీవిత భాగస్వామికి మీ పింఛనులో మూడింట రెండు వంతులు వెళ్తుంది, కొన్న సర్వీసు అందులోనూ కలిసే ఉంటుంది.

గడువు: ఒక్క వారంలో ఏడాది తేడా

సెలవు ఏ ఏడాదిలో ముగిసిందో, దాని తర్వాతి ఏడాది డిసెంబరు 31 లోపు కొనాలి. 2025 ఆగస్టులో ముగిస్తే గడువు 2026 డిసెంబరు 31.

ఇక్కడ చూసుకోవాల్సింది సెలవు ముగిసిన తేదీ. 2025 డిసెంబరు 29న ముగిస్తే గడువు 2026 చివరితో సరి. 2026 జనవరి 5న ముగిస్తే 2027 చివరి దాకా సమయం ఉంటుంది. డబ్బుకు ఇబ్బందిగా ఉన్నవాళ్లకు ఆ ఒక్క వారం పన్నెండు నెలల వెసులుబాటు. పైగా జీతం లేని సెలవు అయిపోయాక జీతంతో కూడిన వెకేషన్ రోజులు తగిలించి ఆఫీసుకు వెళ్లేవాళ్లు, తాము పనిలో చేరిన తేదీనే సెలవు ముగింపు అనుకుంటారు. కాదు. వెకేషన్ జీతం మొదలైన రోజుతోనే జీతం లేని సెలవు ముగిసినట్టు. హెచ్‌ఆర్ నమోదు చేసిన తేదీ ఏదో రాతపూర్వకంగా తెప్పించుకోండి.

గడువులోపు దరఖాస్తు పెడితే చాలనుకోకండి. డబ్బు అందాలి. ఆర్‌ఆర్‌ఎస్‌పీ (పన్ను మినహాయింపుతో రిటైర్మెంట్ కోసం సొంతంగా దాచుకునే ఖాతా) నుంచి బదిలీ అయితే బ్యాంకు దగ్గరే వారాలు పడుతుంది, డిసెంబరులో ఇంకా ఎక్కువ. అక్టోబరు దాటనివ్వకుండా కదలడం మంచిది.

ఏప్రిల్ 30 అనే రెండో తేదీ

ఒమర్స్ గడువు డిసెంబరుదే అయినా, పన్ను కోణంలో ఇంకో తేదీ ముఖ్యం. అది సెలవు ఉన్న ఏడాది తర్వాతి ఏడాది ఏప్రిల్ 30. దీన్ని కాస్త నిదానంగా చదవండి, ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

కెనడా రెవెన్యూ ఏజెన్సీ, అంటే సీఆర్ఏ, మీకు పింఛను ప్లాన్‌లో ఏటా చేకూరిన ప్రయోజనానికి ఒక విలువ కట్టి, అంత మేర మీ ఆర్‌ఆర్‌ఎస్‌పీ పరిమితి తగ్గిస్తుంది. దాని పేరు పెన్షన్ అడ్జస్ట్‌మెంట్, సంస్థ ఏటా జీతం, కోతల వివరాలతో ఇచ్చే టీ4 పన్ను పత్రంలో 52వ గడిలో ఉంటుంది. ఆ ఏడాది చేకూరిన జీవితకాల పింఛనును 9తో గుణించి 600 తీసేస్తే ఆ అంకె వస్తుంది. మన ఉదాహరణలో 1,119ని 9తో గుణించి 600 తీసేస్తే సుమారు 9,470.

ఏప్రిల్ 30 లోపు కొంటే ఆ విలువ సెలవు ఏడాది పెన్షన్ అడ్జస్ట్‌మెంట్‌లోనే కలుస్తుంది. అనుమతులేమీ అక్కర్లేదు. టీ4 అప్పటికే ఇచ్చేసి ఉంటే సవరించిన టీ4 రావచ్చు. ఏప్రిల్ 30 దాటాక కొంటే అదే విలువ పాత సర్వీసు సర్దుబాటు అవుతుంది. దీన్ని పీఎస్‌పీఏ అంటారు. అప్పుడు సీఆర్ఏ ముందుగా ధ్రువీకరించాలి. ప్లాన్ నిర్వాహకులు టీ1004 ఫారం పంపుతారు, సీఆర్ఏ మీ ఆర్‌ఆర్‌ఎస్‌పీ ఖాళీని చూస్తుంది. పీఎస్‌పీఏ మొత్తం మీ వాడని ఆర్‌ఆర్‌ఎస్‌పీ పరిమితికి 8,000 డాలర్లు కలిపిన అంకెను మించకపోతే ఆమోదం దొరుకుతుంది.

ఏటా ఆర్‌ఆర్‌ఎస్‌పీ నిండా వేసుకుని పరిమితి సున్నా చేసుకున్నవాళ్లకు 9,470లో 8,000 పోను 1,470 అడ్డు తగులుతుంది. అప్పుడు ఆర్‌ఆర్‌ఎస్‌పీలోంచి ఆ మేరకు తీసి, టీ1006 ఫారంతో దాన్ని అర్హమైన ఉపసంహరణగా చూపించాలి. తీసిన డబ్బు ఆదాయంలో కలిసి పన్ను పడుతుంది. దీన్ని తప్పించుకునే తేలికైన దారి ఉంది: ఆర్‌ఆర్‌ఎస్‌పీ నుంచి నేరుగా ఒమర్స్‌కు బదిలీ చేయడం. నేరుగా బదిలీ అయిన మొత్తం పీఎస్‌పీఏలోంచి తగ్గిపోతుంది.

కాన్పు సెలవులో ఉన్నవారు ఒకటి గమనించాలి. ఆ కాలంలో అందే ఉపాధి బీమా డబ్బు ఆర్‌ఆర్‌ఎస్‌పీ పరిమితి పెంచే ఆదాయం కిందకు రాదు. అందువల్ల మరుసటి ఏడాది పరిమితి ఎలాగూ సన్నగా ఉంటుంది. సెలవు తర్వాత ఆర్‌ఆర్‌ఎస్‌పీలో డబ్బు వేసే ముందు, ఈ కొనుగోలు వల్ల తగ్గే మొత్తాన్ని పక్కన పెట్టుకోండి.

మినహాయింపు సంగతి కూడా ఇక్కడే. 1990, ఆ తర్వాతి ఏళ్ల సర్వీసుకు కట్టిన డబ్బుకు మినహాయింపు కట్టిన ఏడాదిలోనే తీసుకోవాలి, ఆర్‌ఆర్‌ఎస్‌పీలా తర్వాతి ఏళ్లకు దాచుకునే వీల్లేదు. కాబట్టి సెలవు వల్ల ఆదాయం అడుగంటిన ఏడాదిలో కడితే తక్కువ శ్లాబులో మినహాయింపు వృథా అవుతుంది. సెలవు మొత్తం 2025లోనే ఉంటే, 2026 జనవరి నుంచి ఏప్రిల్ 30 మధ్య కట్టడం అన్నిటికన్నా లాభం: పూర్తి జీతం వచ్చే 2026లో మినహాయింపు దొరుకుతుంది, పీఎస్‌పీఏ తంటా ఉండదు. సెలవు 2024లో మొదలై 2025లో ముగిస్తే 2024 భాగానికి ఏప్రిల్ తేదీ దాటిపోయి ఉంటుంది, ఆ ముక్క పీఎస్‌పీఏ కిందే వెళ్తుంది.

ఇంకో హద్దు. ఉద్యోగ జీవితం మొత్తంలో ఇలాంటి జీతం లేని కాలాన్ని 5 ఏళ్ల వరకే పింఛనుకు లెక్కించనిస్తారు, బిడ్డ పుట్టిన లేదా దత్తత తీసుకున్న 12 నెలల్లోపు సెలవులకు అదనంగా 3 ఏళ్లు. మామూలుగా ఎవరూ దీన్ని తాకరు. ముగ్గురు పిల్లలు, పైగా ఒక చదువు సెలవు ఉన్నవాళ్లు మాత్రం లెక్క చూసుకోవాలి.

పని జరిగే వరస

1. బయలుదేరే ముందు హెచ్‌ఆర్‌కు సెలవు పేరుతో ఈమెయిల్ పెట్టండి. వాళ్ల జవాబు, సెలవు మంజూరు పత్రం సొంత ఈమెయిల్‌కు పంపుకోండి. సెలవులో ఉండగా ఆఫీసు ఈమెయిల్ తెరుచుకోకపోవచ్చు. ఉత్తరాలు కెనడా చిరునామాకే వస్తాయి కాబట్టి నమ్మకస్తులైన పక్కింటివాళ్లకో, స్నేహితులకో తెరిచి చూడమని చెప్పండి.

2. తిరిగి చేరిన వారంలోనే సెలవు మొదలు, ముగింపు తేదీలు, రకం పేరోల్‌లో ఎలా నమోదయ్యాయో అడగండి. రకం తప్పుగా పడితే ధర లెక్క వచ్చేలోపే సరిచేయించండి.

3. సెలవు కొనుగోలు ఖర్చు లెక్క అడగండి. వచ్చిన కాగితంలో మూడు చూడండి: వారాల సంఖ్య, వాడిన జీతం, ఒక వాటానా రెండు వాటాలా అన్నది. మీరు సెలవులో ఉండగా జీతాలు పెరిగి వెనక తేదీ నుంచి అమలైతే ఆ పెంపు లెక్కలో ఉందో లేదో కనుక్కోండి.

4. డబ్బు ఎక్కడి నుంచో తేల్చుకోండి. చేతిలో నగదు ఉంటే కట్టి మినహాయింపు తీసుకోవడం, ఆర్‌ఆర్‌ఎస్‌పీ ఉంటే నేరుగా బదిలీ చేయడం, లేదా రెండూ కొంచెం కొంచెం. బదిలీకి టీ2033 ఫారం వాడతారు. బదిలీ చేసిన డబ్బుకు మళ్లీ మినహాయింపు రాదు, అది ఆర్‌ఆర్‌ఎస్‌పీలో వేసినప్పుడే తీసుకున్నారు కదా. ఎట్టి పరిస్థితుల్లోనూ ఆర్‌ఆర్‌ఎస్‌పీ డబ్బును మీ బ్యాంకు ఖాతాలోకి తీసుకుని అక్కడి నుంచి కట్టకండి. బ్యాంకు 5,000 వరకు 10 శాతం, 15,000 వరకు 20 శాతం, ఆపైన 30 శాతం పన్ను పట్టుకునే ఇస్తుంది, ఆ పరిమితి మీకు తిరిగి రాదు.

5. కట్టినట్టు రసీదు తీసుకోండి. పేరోల్ ద్వారా కడితే టీ4 20వ గడిలో చేరుతుంది. పన్ను రిటర్నులో 20700వ వరుసలో చూపించాలి. ఒకే మొత్తం మీద రసీదుతో ఒకసారి, టీ4తో ఒకసారి మినహాయింపు అడిగితే సీఆర్ఏ నుంచి ఉత్తరం వస్తుంది.

6. మరుసటి ఏడాది పింఛను స్టేట్‌మెంట్‌లో, మైఒమర్స్ ఖాతాలో క్రెడిటెడ్ సర్వీసు చూడండి. సెలవు ఏడాదికి పూర్తి 12 నెలలు కనిపించాలి. 8 నెలలే ఉంటే రసీదు పట్టుకుని అప్పుడే అడగండి. ఇరవై ఏళ్ల తర్వాత రిటైరయ్యే వేళ అడిగితే ఆ పేరోల్ మనుషులూ ఉండరు, ఆ కాగితాలూ ఉండవు.

సెలవు తర్వాత వేరే ఒమర్స్ సంస్థకు మారినా, ఆ సెలవు తాలూకు కాగితాలు ఇవ్వాల్సింది పాత సంస్థే. ఉద్యోగం మారే ముందే ఇది తేల్చుకుని బయటపడండి.

గడువు దాటిపోతే

అప్పటికీ బై-బ్యాక్ అనే దారి ఉంటుంది. కానీ ధర యాక్చూరియల్ లెక్క మీద, అంటే మీ వయసు, ఇప్పటి జీతం, సర్వీసు చూసి, ఆ అదనపు పింఛను ఇవ్వడానికి నిధికి నిజంగా ఎంత ఖర్చవుతుందో అంత. సంస్థ వాటా ఉండదు. వయసు, జీతం పెరిగే కొద్దీ ధర పెరుగుతుంది కాబట్టి, కొనాలనుకుంటే ఇంకా వాయిదా వేయడంలో అర్థం లేదు. ఉచితంగా లెక్క అడిగి, పైన చెప్పినట్టు ఏటా వచ్చే పింఛనుతో భాగించి చూడండి. మీ వాటా ధరతో ఉన్నప్పటి 7 ఏళ్లకూ దీనికీ పొంతన ఉండదు.

ఎప్పుడు కొనక్కర్లేదు

క్రెడిట్ కార్డు అప్పు 20 శాతం వడ్డీతో పేరుకుని ఉంటే ముందు అది తీర్చండి. ఏడాది, రెండేళ్లలో ఒమర్స్ కొలువు మానేయాలన్న ఆలోచన గట్టిగా ఉన్నవారికి, ఆరోగ్యం బాగాలేక, పింఛను అందుకునే భాగస్వామి కూడా లేనివారికి రెండు వాటాల ధర కట్టడం లాభసాటి కాకపోవచ్చు. సొంత వాటా మాత్రమే కట్టాల్సిన చట్టబద్ధ సెలవు విషయంలో మాత్రం వదులుకోవడానికి గట్టి కారణం ఉండాలి. మీరు కట్టకపోతే సంస్థ కూడా తన వాటా కట్టదు. చేతికొచ్చిన డబ్బును వద్దన్నట్టే.

సొంత అనారోగ్యం వల్ల పూర్తిగా పని చేయలేని స్థితి వస్తే ఇదంతా అవసరం లేకపోవచ్చు. నాలుగు నెలల నిరీక్షణ తర్వాత ఒమర్స్ వైకల్య మినహాయింపు మంజూరైతే డబ్బు కట్టకుండానే సర్వీసు పెరుగుతుంది. కొనుగోలు కాగితాల కంటే ముందు దానికి దరఖాస్తు పెట్టండి.

ఇండియాలో చేసిన ఉద్యోగాన్ని ఇందులో కలపమని అడిగేవాళ్లుంటారు. 2015 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉన్న కెనడా-ఇండియా సామాజిక భద్రతా ఒప్పందం ప్రభుత్వ పింఛన్లకు సంబంధించినది, దానితో ఒమర్స్ సర్వీసు రాదు.

మీది ఒమర్స్ కాకపోతే

పద్ధతి ఒకటే అయినా తేదీలు వేరు. ఒంటారియో ఉపాధ్యాయుల ప్లాన్‌లో సెలవు ముగిసిన 5 ఏళ్ల దాకా గడువుంటుంది. ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగులకైతే వ్యవహారం తిరగేసి ఉంటుంది: జీతం లేని సెలవులో మొదటి 3 నెలలకు కట్టడం తప్పనిసరి, ఆ తర్వాతి కాలం వద్దని మీరు రాసివ్వకపోతే దానంతట అదే లెక్కలోకి వస్తుంది. వద్దని చెప్పడానికి తిరిగి చేరాక 3 నెలలే గడువు. బాకీని జీతంలోంచి సెలవు కాలానికి రెట్టింపు కాలంలో కోస్తారు. ఏడాది సెలవు తర్వాత చేతికొచ్చే జీతం ఎందుకు తగ్గిందో తెలియక బెంబేలెత్తేది వీళ్లే.

సీపీపీలో మాత్రం కొనుక్కోవడమన్నది లేదు. బదులుగా, ఏడేళ్ల లోపు పిల్లలను పెంచుతూ ఆదాయం తగ్గిన ఏళ్లను లెక్కలోంచి తీసేసే సదుపాయం ఉంది. అది అడగనిదే రాదు. సీపీపీకి దరఖాస్తు పెట్టేటప్పుడు ఐఎస్‌పీ1640 ఫారం జతచేయాలి. పిల్లల పుట్టిన తేదీ పత్రాలు, ఇండియాలో పుట్టి ఉంటే వాళ్లు కెనడా వచ్చిన తేదీ రుజువు ఇప్పుడే ఫైల్లో పెట్టి ఉంచుకోండి.